వాగ్గేయకారుల పనితనం



ఏటా ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగరీత్యా లెక్కల మనిషి. శనివారం సాయంత్రం మాత్రం భజనగోష్ఠిలో వెనక వరుసలో కూర్చుని తాళం వేసేవారట. అందుకే కాబోలు, భక్త వాగ్గేయకారుల నుంచి నేటి ఉద్యోగులు, వృత్తినిపుణులు ఏం నేర్చుకోవచ్చో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఇలాంటి ఉపన్యాసాలు మీరు ఇదివరకే చాలా విని ఉంటారు. ఏకాగ్రత, నిరాడంబరత, ఒత్తిడిని జయించడం, మధ్యమధ్య మూడు కథలు. త్యాగరాజు తంజావూరు రాజు పిలుపును కాదన్న కథ, అన్నమయ్యకు వేసిన సంకెళ్ళు ఊడిపడిన కథ, పురందరదాసు ముక్కుపుడక కథ. ఆ కథలంటే నాకూ గౌరవమే. కాకపోతే విని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళాక వాటితో మనం చేయగలిగింది పెద్దగా ఉండదు. సోమవారం ఉదయం మనకు కబురు పెట్టే రాజెవడూ లేడు. కబురు పెట్టేది మేనేజరు, ఆయన చేతిలో ఉండేది గడువు దాటిన పనుల పట్టిక.

అందుకని ఈ సాయంత్రం వాళ్ళ త్యాగం గురించి తక్కువగా, పనితనం గురించి ఎక్కువగా మాట్లాడతాను. వాళ్ళు పని ఎలా చేశారు, కొత్తవాళ్ళకు ఎలా నేర్పారు, ఏది రాసిపెట్టారు, ఏది రాయకుండా వదిలేశారు, తర్వాత ఆ బరువు ఎవరు మోశారు అన్నవి నా ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాళ్ళు గొప్పవాళ్ళయింది భక్తి వల్ల, ప్రతిభ వల్ల. వాళ్ళ పాట మన చెవిదాకా వచ్చింది మాత్రం కొడుకులు, మనవలు, శిష్యులు, లేఖకులు, రాగి మీద అక్షరాలు చెక్కిన పేరు తెలియని పనివాళ్ళు పడిన పాట్ల వల్ల. ఈ రెండో సంగతి మనం చెప్పుకోవడం తక్కువ. జీతానికి పనిచేసే మనిషికి ఎక్కువ అక్కరకొచ్చేది ఆ రెండో సంగతే.

పురందరదాసుతో మొదలుపెడతాను. ఆయన కన్నడ దేశపు మనిషి. 1484లో పుట్టి 1564లో పోయాడని చెబుతారు. వడ్డీ వ్యాపారంలో, నగల వ్యాపారంలో బాగా గడించి, అదంతా వదులుకుని, విజయనగరంలో వ్యాసతీర్థుల శిష్యుడయ్యాడు. హంపిలో తుంగభద్ర ఒడ్డున ఆయన పేరు మీద ఒక మండపం ఇప్పటికీ ఉంది. దేవరనామాలు లెక్కలేనన్ని కట్టాడు. అయినా మన ఇళ్ళలో ఆయన్ని రోజూ తలుచుకోవలసింది ఆ పాటలకంటే ముందు పాఠాల వల్ల.

చిన్నప్పుడు సంగీతం మాస్టారి ముందు కూర్చున్నవాళ్ళు ఈ సభలో చాలామందే ఉంటారు. సగంలో మానేసినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. మానేసినవాళ్ళకైనా సరళీ స్వరాలు గుర్తుంటాయి. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, ఆ తర్వాత పిళ్ళారి గీతాలు. ఈ క్రమం ఏర్పరిచింది పురందరదాసేనని సంప్రదాయం చెబుతుంది. మొదటి పాఠానికి మాయామాళవగౌళ ఎంచుకోవడంలోనే ఆయన ఆలోచన కనిపిస్తుంది. ఆ రాగంలో స నుంచి రి ఎంత దూరమో ప నుంచి ద అంతే దూరం. మ కు గ ఎంత దగ్గరో, పై స కు ని అంత దగ్గర. కింది నాలుగు స్వరాలు గొంతులో నిలిస్తే పై నాలుగూ దాదాపు వచ్చేసినట్టే. అదే వరసను మూడు కాలాల్లో పాడించడంతో, లయ అంటే ఏమిటో ఎవరూ వివరించకుండానే అది చేతికి పట్టుబడుతుంది. సాహిత్యం వీటన్నిటి తర్వాతే. అప్పుడు కూడా తీసుకున్న రాగం మలహరి. అందులో ఉన్న స్వరాలన్నీ మాయామాళవగౌళలోవే, కొత్త స్వరం ఒక్కటీ లేదు. పిల్లవాడికి కొత్తగా ఎదురయ్యేది మాట ఒక్కటే. ఒకసారికి ఒక కష్టం చొప్పున పెట్టాడన్నమాట.

ఇంత ఆలోచన చేసినవాడు అప్పటికే పెద్ద గాయకుడు, మఠంలో మన్నన పొందినవాడు. పసిపిల్లల కోసం స రి గ మ లు కూర్చోబెట్టడం తన స్థాయికి తక్కువ అనుకోలేదు. మన ఆఫీసుల్లో ఈ పని ఎవరికి అప్పగిస్తాం? కొత్తగా చేరినవాళ్ళకు మొదటి నెలలో ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్నది నిరుడు చేరినవాళ్ళకు వదిలేస్తాం. అసలు నిపుణుడు ఆ ఛాయలకు రాడు. ఆయనకు తీరిక ఉండదు, లేదా ‘చూసి నేర్చుకోవాలోయ్’ అంటాడు. చూసి నేర్చుకునేవాళ్ళు ఎలాగూ నేర్చుకుంటారు. మిగతావాళ్ళ కోసమే క్రమం కావాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న ప్రతి మనిషీ, సుబ్బులక్ష్మి అయినా, రెండో తరగతిలో మానేసిన నా తోటి విద్యార్థి అయినా, ఆ మెట్ల మీదుగానే వెళ్ళారు. త్యాగరాజంతటివాడు తన ప్రహ్లాద భక్తి విజయంలో పురందరదాసును స్మరించుకోవడంలో ఈ రుణం కూడా కొంత ఉండి ఉంటుందని నా ఊహ.

ఇక అన్నమయ్య. నేను ఎక్కువసేపు ఆగదలచింది ఇక్కడే.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో కడప సీమలో పుట్టారు, 1503లో పరమపదించారు. పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి చివరిదాకా పాడారని ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీదే ఉంది. మొత్తం 32,000 సంకీర్తనలని ప్రతీతి. లెక్కల మనిషి పేర జరిగే సభ కనుక ఒక చిన్న లెక్క వేద్దాం. 1424 నుంచి 1503 దాకా 79 ఏళ్ళు. ఏడాదికి 365 రోజుల చొప్పున 28,835 రోజులు. రోజుకొకటికి తగ్గకుండా పాడాలన్న నియమం ఆయనకు ఉండేదంటారు. 32,000 అన్న అంకె నిజమైతే ఆ నియమం నెరవేరి, పైన మూడు వేల చిల్లర మిగిలింది. జ్వరం వచ్చిన రోజులు, ప్రయాణాల రోజులు, ఇంట్లో పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఈ లెక్కలోనే కలిసి ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. అన్నమయ్య సంపుటాలు తెచ్చుకుని వరసగా చదివినవాళ్ళకు తెలుస్తుంది, అన్ని పాటలూ ఒక ఎత్తులో లేవు. ఒకే ఊహ నాలుగు పాటల్లో తిరుగుతుంది. కొన్ని చరణాలు చేయి తిరిగినవాడు అలవాటు మీద రాసినట్టు ఉంటాయి. హఠాత్తుగా ఒక రేకులో నాలుగు మాటల్లో లోకం తలకిందులైపోతుంది. కచేరీల్లో వినిపించే ఆ యాభై, అరవై పాటలే విన్నవాళ్ళకు ఈ మామూలు పాటల సంగతి తెలియదు కనుక, ఆయనకు ప్రతి పాటా మెరుపులా దిగివచ్చిందనుకుంటారు. నాకు ఆ మామూలు పాటలంటేనే ఎక్కువ ఇష్టం. అవి పనివాడి హాజరు పట్టీ. మెరుపు ఏ రోజు వస్తుందో తెలియదు కనుక ఆయన రోజూ వచ్చి కూర్చున్నాడు.

ఇంకో సంగతి, ఎవరు పాడుకోవడానికి రాశాడన్నది. పండితులకు సరిపడే అధ్యాత్మ సంకీర్తనలు ఉన్నాయి, శృంగార సంకీర్తనలు ఉన్నాయి. వాటి పక్కనే లాలి పాటలు, సువ్వి పాటలు, గొబ్బి పాటలు, జాజర, ఏలలు, కోలాటపు పాటలు ఉన్నాయి. రోకలి పట్టినవాళ్ళు, ఉయ్యాల ఊపినవాళ్ళు అప్పటికే పాడుకుంటున్న మట్లను తీసుకుని వాటిలో తన మాట పోశాడు. వాడేవాళ్ళ చేతివాటం చూసి పనిముట్టు చేసినవాడు ఆయన. సాఫ్ట్‌వేర్ మిత్రులు ‘యూజర్’ అని రోజూ జపించే ఆ మనిషిని ఆయన ఎక్కడెక్కడో వెతకనక్కర లేకుండా తిరుమల మాడవీధుల్లోనే చూశాడు.

ఇప్పుడు రాగిరేకుల దగ్గరికి వద్దాం. పాటలు పాడినవాడు అన్నమయ్య, వాటిని రాగి మీదికి ఎక్కించే పూనిక ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులది. రాగి ఊరికే రాదు. రెండు వేలకు పైగా రేకులు, ఒక్కొక్క రేకు మీద ఇరువైపులా చెక్కిన పాటలు. లోహానికి డబ్బు, చెక్కేవాళ్ళకు కూలి, సరిచూసే పండితులకు గ్రాసం కావాలి. పెద తిరుమలాచార్యులు సంపన్నుడు, తిరుమలకు దానధర్మాలు చేసినవాడని శాసనాలు చెబుతున్నాయి. తండ్రి రాజు కొలువును కాదన్న కథను మనం ఇష్టంగా చెప్పుకుంటాం. కొడుకు కూడబెట్టిన సొమ్ముతో తండ్రి పాట నిలిచిందన్న కథను చెప్పుకోం. రెండూ ఒకే ఇంటి కథలు.

మనవడు చిన తిరుమలాచార్యులు ఇంకో పని చేశాడు. అన్నమయ్య సంస్కృతంలో సంకీర్తన లక్షణం అనే గ్రంథం రాశాడు. సంకీర్తన అంటే ఎలా ఉండాలో చెప్పే పుస్తకం అది. ఆ మూలం మనకు దక్కలేదు. మనవడు తెలుగు పద్యాల్లోకి తెచ్చింది దక్కింది. ఇంకొక మనవడు చిన్నన్న తాత జీవితాన్ని ద్విపదలో రాశాడు. అన్నమయ్య గురించి మనం చెప్పుకునే కథల్లో చాలా భాగం ఆ ద్విపదలోంచి వచ్చినవే. మూడు తరాలు ఒక మనిషి పనిని ఇలా చేతులు మార్చుకున్నాయి. కొడుకులూ మనవలూ తమ పాటలను కూడా రేకులకు ఎక్కించుకున్నారు, అది వేరే సంగతి.

ఇంత జాగ్రత్త పడిన ఆ ఇల్లు ఒక్కటి మాత్రం రాయలేదు. ప్రతి పాటకూ పైన రాగం పేరు ఉంది. సాళంగనాట, ముఖారి, సామంతం, కొండమలహరి, అబాలి. స్వరం లేదు. తాళం వివరం సాధారణంగా లేదు. ఎందుకు రాయలేదు? ఆ రోజుల్లో స్వరం రాసే అలవాటు అంతగా లేదనేది ఒక జవాబు. నాకు తోచే జవాబు ఇంకొకటి. సామంతం ఎలా పాడాలో ఆ ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. సాయంత్రం గుళ్ళోకి వెళితే వినపడుతుంది. అందరికీ తెలిసిన సంగతిని రాగి మీద చెక్కించడానికి ఎవరు డబ్బు ఖర్చు పెడతారు?

పోయింది సరిగ్గా అదే. రేకులు తిరుమల గుడిలో ఒక చిన్న రాతి అరలో, సంకీర్తన భాండాగారంలో ఉండిపోయాయి. పాడే పరంపర తెగిపోయింది. 1922 ప్రాంతంలో ఆ రేకులు మళ్ళీ పండితుల దృష్టికి వచ్చేసరికి మాట ఉంది, రాగం పేరు ఉంది, పాట లేదు. కొన్ని రాగాల పేర్లు తప్ప రూపాలు ఎవరికీ తెలియవు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని రేకులు చదివారు, చిన్నన్న ద్విపదను అచ్చుకు ఎక్కించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ స్వరాలు కూర్చారు. తర్వాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాటలు కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఇవాళ మనం అన్నమయ్య పాట అని వినేదానిలో మాట అయిదు వందల ఏళ్ళ నాటిది, వరస చాలామటుకు ఇరవయ్యో శతాబ్దానిది. అది తప్పని నేననను. ఆ వరసలు లేకపోతే ఆ మాట మన నోటికి వచ్చేదే కాదు. కానీ అన్నమయ్య గొంతులో ఆ పాట ఎలా నడిచిందో ఇక ఎవరూ చెప్పలేరు.

మీ సంస్థల్లో ఇదే జరుగుతుంది. రాసిపెట్టేవన్నీ పెద్ద విషయాలే. ఒప్పందాలు, నిబంధనలు, డిజైన్లు. ఆ డిజైన్‌లో ఫలానా వాల్వు ఎందుకు ఎడమవైపు పెట్టారో, ఫలానా ప్రోగ్రాములో ఆ వింత షరతు ఏ కస్టమరు గొడవ వల్ల వచ్చిందో, ఫలానా కొండవాగు ఏ నెలలో పొంగుతుందో ఎక్కడా ఉండదు. అడిగితే, ‘అది అందరికీ తెలిసిందే కదా’ అంటారు. ఆ అందరూ పదేళ్ళలో రిటైరవుతారు, లేదా ఇంకో కంపెనీకి వెళ్ళిపోతారు. చేరినవాళ్ళకు రాగం పేరు మిగులుతుంది. నీటిపారుదల ఇంజనీర్ల సభలో ఒకసారి ఈ మాట చెబితే, రిటైరైన ఒకాయన లేచి, తను చూసిన కాలవల తూముల సంగతులన్నీ మనవడి చేత ఫోన్లో రికార్డు చేయించుకుంటున్నానని అన్నారు. ఆ మనవడికి ఓపిక ఉండాలని కోరుకున్నాను.

భద్రాచల రామదాసు దగ్గర కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి, ఆడిటర్లు ఎదురుగా కూర్చున్నారు. ఆయన అసలు పేరు కంచెర్ల గోపన్న, ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడు. గోల్కొండ కొలువులోని అక్కన్న మాదన్నల మేనల్లుడు. గోల్కొండను అబుల్ హసన్ తానీషా పాలించిన కాలంలో, అంటే 1672కూ 1687కూ మధ్య, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్నాడు. వసూలైన శిస్తులోంచి ఆరు లక్షల వరహాలు భద్రాచలం రాముడి గుడికి ఖర్చుపెట్టాడనీ, అందుకు పన్నెండేళ్ళు కోటలో ఖైదు అనుభవించాడనీ ప్రసిద్ధి. గోల్కొండకు వెళితే ఆ బందిఖానా చూపిస్తారు.

ఆయన్ని ఆదర్శ ఉద్యోగిగా చూపించే ఉపన్యాసాలు నేను విన్నాను. నాకు నోరు రాదు. ఖజానా సొమ్మును తన మనసుకు మంచిదని తోచిన పనికి మళ్ళించిన అధికారి ఆయన. మళ్ళించింది గుడికే కావచ్చు, నియమం నియమమే. మీలో ఎవరైనా అదే పని చేసి, రామదాసు పేరు చెబితే విజిలెన్స్ వాళ్ళు కీర్తనలు విని ఊరుకోరు. అయినా ఆయన దగ్గర నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఖైదులో ఆయన పాడిన కీర్తనల్లో ఒకటి అచ్చంగా ఖర్చుల చిట్టా. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికి, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అంటూ పద్దుల వారీగా అప్పజెబుతాడు. దాదాపు ప్రతి పద్దూ గుండుగా పదివేలే ఉండటం చూస్తే ఆడిటర్ మిత్రులకు అనుమానం రావాలి. దేవుణ్ణి దెప్పిపొడుస్తాడు, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమాపణ అడుగుతాడు. బాధలో ఉన్న తహసీల్దారుకు దుఃఖం కూడా చిట్టా రూపంలోనే వచ్చింది.

జనం ఈ కథను ఎలా ముగించారో చూడండి. రామలక్ష్మణులు బంట్ల వేషంలో వచ్చి తానీషాకు సొమ్మంతా చెల్లించారని, రశీదు రాయించుకుని నిద్రపోతున్న గోపన్న దిండు కింద పెట్టారని చెప్పుకున్నారు. అప్పు మాఫీ అయిందని చెప్పుకోలేదు. దేవుడు వచ్చినా సర్కారు బాకీ పైసలతో సహా కట్టి, కాగితం తీసుకుని వెళ్ళాలన్నది మన తెలుగు జనం కల్పన. గోపన్న భక్తిని నెత్తిన పెట్టుకున్న జనమే లెక్క మాత్రం తేలాలన్నారు. ఈ రెండూ వాళ్ళ మనసులో పక్కపక్కనే ఉన్నాయి. తర్వాత తానీషా భద్రాద్రికి భూముల ఆదాయం ఇచ్చాడని, శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం అప్పుడే మొదలైందని చెబుతారు. నేటికీ ప్రభుత్వం పక్షాన తలంబ్రాలు వెళుతూనే ఉన్నాయి.

డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. ఈ వాగ్గేయకారులందరూ డబ్బును ఒకే తీరున చూశారనుకోవడం పొరపాటు. మువ్వగోపాలుడి ముద్రతో పదాలు చెప్పిన క్షేత్రయ్య తంజావూరు, మధురై, గోల్కొండ కొలువులు తిరిగినవాడు. ఆ కొలువుల్లో పాడినందుకు ఆయన పదం పలచబడలేదు. తాళ్ళపాక వారు భూములు పొందారు, తిరిగి దేవుడికిచ్చారు. త్యాగరాజు ఉంఛవృత్తి చేశాడు. ఎవరి బతుకు వాళ్ళది. వీళ్ళను చూపించి ఇరవై అయిదేళ్ళ కుర్రవాణ్ణి ఉద్యోగం మానేయమనడం బాధ్యత లేని పని.

త్యాగరాజు కథలో ‘వద్దు’ అన్న మాటకు మనం చాలా విలువ ఇస్తాం. రెండో శరభోజి పిలుపును ఆయన కాదన్నాడన్నది పరంపరగా వస్తున్న కథ. ఆ మాట వెనక ఇంటి వ్యవస్థ ఉంది. తిరువయ్యారు వీధుల్లో కీర్తన పాడుతూ వెళితే గుప్పెడు బియ్యం వేసే ఇళ్ళు ఉన్నాయి. ఆ బియ్యంతో తను, ఇల్లాలు, ఇంట్లో ఉండి చదువుకునే శిష్యులు తినాలి. అంటే కాదనడానికి ముందే, కాదంటే దేనితో బతకాలో ఆయనకు తెలుసు. వండిపెట్టినవాళ్ళ పేర్లు మనకు అంతగా తెలియవు. నౌకరీకి రాజీనామా ఇచ్చిన మిత్రుల గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు కూడా ఆ ఇంట్లో ఇంకో జీతం వస్తోందా లేదా అని అడగడం మరిచిపోతుంటాం.

ఆయన పనితనానికి వస్తే, సంగతులు వేయడంలో ఆయనది పై చేయి. ఒకే పల్లవి పాదాన్ని మొదట నిరాభరణంగా పాడతాడు. రెండోసారి ఒక మెలిక, మూడోసారి ఇంకొంచెం పైకి. అలా ఆరోసారికో ఏడోసారికో ఆ పాదంలో ఇంత ఉందా అనిపిస్తుంది. మాట మారదు. ముందు వేసిన సంగతి తర్వాతి సంగతికి పీట వేస్తుంది కనుక మధ్యలో ఒకటి తీసేస్తే మెట్టు విరిగినట్టు తెలిసిపోతుంది. మరోవైపు, పదిమంది కూర్చుని భజనలో పాడుకునే దివ్యనామ కీర్తనల్లో ఈ సంగతుల జోలికే పోలేదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో ఘనరాగ పంచరత్నాలు కట్టిన మనిషే, పండగపూట స్వామిని నిద్రపుచ్చడానికి ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ కట్టాడు. తనకు వచ్చిన విద్యంతా ప్రతిచోటా చూపించాలన్న తాపత్రయం లేదు. ప్రతి నివేదికలోనూ తనకు తెలిసిన గ్రాఫులన్నీ పెట్టే మిత్రులు ఇక్కడ ఎవరైనా ఉంటే ఈ సంగతి గమనించాలి.

ఆయన ఏ కీర్తనా తన చేత్తో గ్రంథంగా కూర్చి ఇవ్వలేదు. శిష్యులకు పాడి వినిపించాడు. వాళ్ళలో వాలాజాపేట వేంకటరమణ భాగవతారు వంటి వాళ్ళు రాసిపెట్టుకున్నారు. ఆ వ్రాతలు మధురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఉమయాళ్పురం వారు ఒక తీరుగా, తిల్లైస్థానం వారు ఒక తీరుగా, వాలాజాపేట వారు మరో తీరుగా నిలబెట్టుకున్నారు. ఒకే కీర్తనకు రెండు పాఠాలు, ఎక్కడైనా రాగమే వేరు. ఏది గురువుగారి మాట అని విద్వాంసులు ఇప్పటికీ తగువులాడుకుంటారు. నా దృష్టిలో ఆ తగువు ఆరోగ్యానికే మంచిది. అన్నమయ్య పాటకు ఆ తగువు కూడా మిగల్లేదు.

మనవాళ్ళకు కాస్త గుచ్చుకునే సంగతి కూడా చెప్పాలి. వేంకటరమణ భాగవతారు ఇంట్లో మాట్లాడుకున్నది సౌరాష్ట్ర భాష. మిగతా శిష్యపరంపరలో ఎక్కువమంది తమిళులు. తెలుగు కీర్తనను తమిళ లిపిలో రాసుకున్నారు. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే. అందుకని కొన్ని మాటలు అటూ ఇటూ అయ్యాయి. వాటిని పట్టుకుని మనం కచేరీల్లో నవ్వుకుంటాం. పాట మన భాషలోది, కాపాడిన చేతులు వేరేవాళ్ళవి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. అక్కడ పుట్టిన పిల్లలు రోమన్ లిపిలో రాసుకుని అవే కీర్తనలు నేర్చుకుంటున్నారు. వాళ్ళ ఉచ్చారణ సరిచేయడానికి ఒక తెలుగు ఉపాధ్యాయుడు వారానికొక గంట ఫోనులో కూర్చుంటే చాలు. నవ్వడంకంటే ఇది కష్టం.

ఇక చివరగా బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె వాగ్గేయకారిణి కాదు. కానీ ఈ రోజు చెప్పదలచినవన్నీ ఆమె జీవితంలో కనిపిస్తాయి. 1878లో నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టింది. మద్రాసులో పాడి బాగా సంపాదించింది. అక్కడ ఆదాయపు పన్ను కట్టిన మొదటి మహిళా కళాకారిణి అని ఆమె గురించి చెబుతారు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని పూర్తి పాఠంతో 1910లో అచ్చు వేయించింది కూడా ఆమే. అశ్లీలమని సర్కారు నిషేధించినా వెనక్కి తగ్గలేదు.

తిరువయ్యారులో త్యాగరాజు సమాధి అప్పటికి దిక్కులేకుండా పడి ఉంది. ఏటా పుష్య బహుళ పంచమికి ఆరాధన జరిగేది కానీ రెండు వర్గాలుగా చీలి పోట్లాడుకునేవాళ్ళు. రెండు వర్గాల్లోనూ ఆడవాళ్ళకు పాడే చోటు లేదు. నాగరత్నమ్మ ముందు స్థలం సంగతి చూసింది. కొన్నది, కాగితాలు సరిచేయించింది. 1920లలో తన సొమ్ముతో సమాధి మీద మందిరం కట్టించింది. కట్టించిన మనిషికే లోపల పాడే అవకాశం లేదన్నారు. ఆమె అరిచి గొడవ చేయలేదు. ఆడవాళ్ళను కూడగట్టి గుడి వెనక వేరే ఆరాధన మొదలుపెట్టింది. మూడో వర్గం తయారైంది. 1940 ప్రాంతంలో మూడూ కలిసిపోయాయి. అప్పటినుంచి ఆడా మగా ఒకేచోట కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. తను పోయాక పాత అలవాటు మళ్ళీ తలెత్తుతుందేమోనని, తన నగలూ ఆస్తీ ఆరాధన కోసం ట్రస్టుకు రాసింది. ఆడవాళ్ళు అక్కడ పాడటానికి అడ్డు చెప్పకూడదన్న షరతును వీలునామాలో పెట్టించింది. ‘అది అందరికీ తెలిసిందే కదా’ అని వదిలేయలేదు. 1952లో కన్నుమూసింది. ఆమె సమాధి తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి ఎదురుగానే ఉంది. ఆ వీలునామా రాసిన లాయరుగారి పేరు నాకు తెలియదు కానీ, ఆయన కూడా మీలాంటి ఒక వృత్తినిపుణుడే.